అమ్ములుకి, వోమెల్స్‌డార్ఫ్ నుంచి వచ్చాక

గుంటూరు

చిరంజీవి అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. నువ్వు పంపిన పట్టీ వేసుకుని మేడ మెట్లు కూడా ఎక్కుతోంది. అల్లుడుగారినీ, మనవణ్ణీ అడిగానని చెప్పు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఇది ఫోన్లో చెప్పబోతే మొదటి మాటకే గొంతు పూడుకుపోతుందని నాకు తెలుసు. రెండుసార్లు మొదలుపెట్టి, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాను.

ఆ ఆదివారం వోమెల్స్‌డార్ఫ్‌లో ఒకప్పుడు అమెరికా ఆదివాసులకూ పెన్సిల్వేనియా ప్రభుత్వానికీ నడుమ దుబాసీగా ఉన్న కాన్రాడ్ వైజర్ తోట చూసి మీ ఊరు రీడింగ్ వైపు తిరిగొస్తున్నప్పుడు, స్టీరింగ్ మీంచి చూపు తిప్పకుండా నువ్వొక మాటన్నావు. "పదహారేళ్ళ పిల్లాణ్ణి మోహాక్ ఆదివాసుల ఊళ్ళో వదిలేశారు కదా, వెళ్తావా అని వాణ్ణి ఎవరైనా అడిగారా నాన్నా?" నేను కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చున్నాను. నువ్వడిగింది వైజర్ గురించి మాత్రమే కాదని నాకు అప్పుడే అర్థమైంది. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆ కుటుంబం గురించి దొరికినంతా చదివాను. కాన్రాడ్ 1696లో జర్మనీలోని వుర్టెంబర్గ్‌లో పుట్టాడు. తండ్రి పేరూ కాన్రాడ్ వైజరే, రొట్టెలు కాల్చే వృత్తి. 1708-09 చలికాలం యూరప్‌లో ఎవరూ ఎరగనంత ఘోరమైనది. ద్రాక్షతోటలు వేళ్ళతో సహా చచ్చిపోయాయి. అంతకుముందు నుంచే యుద్ధాలు, పన్నులు. 1709 మే నెలలో కాన్రాడ్ తల్లి జ్వరంతో పోయింది. రెండు నెలలు తిరక్కుండానే, జూన్ 24న, తండ్రి ఎనిమిది మంది పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరు విడిచాడు. పెళ్ళయిన పెద్దకూతురు అక్కడే ఉండిపోయింది. ఇల్లు, పొలం, ద్రాక్షతోట అన్నీ ఆమెకీ అల్లుడికీ అమ్మితే చేతికొచ్చింది 75 గుల్డెన్లు. మిగతా 600 తర్వాత ఇస్తామన్నారు. అవి ఎప్పటికీ రాలేదు, చివరికి వాళ్ళకే బహుమానంగా వదిలేశామని కాన్రాడ్ పెద్దయ్యాక జర్మన్‌లో రాసిపెట్టుకున్నాడు. ఆ వాక్యంలో కోపం లేదు, అక్క మీద చిన్న ఎత్తిపొడుపైనా లేదు. నాకు ఆ మనిషి మీద ప్రేమ పుట్టింది అక్కడే.

ఆ ఏడాది వేలమంది జర్మన్లు రైన్ నది వెంట దిగి లండన్ చేరి గుడారాల్లో పడిగాపులు పడ్డారు. వాళ్ళలో దాదాపు మూడువేల మందిని ఇంగ్లండ్ ఆన్ రాణి ప్రభుత్వం ఓడలెక్కించి న్యూయార్క్ పంపింది. ఊరికే పంపలేదు. హడ్సన్ నది ఒడ్డున పైన్ చెట్ల నుంచి ఇంగ్లీషు యుద్ధనౌకలకు తారు తీసి బాకీ తీర్చాలి. ఓడల్లోనూ, దిగిన మొదటి వేసవిలోనూ వందలమంది చనిపోయారు. తీరా చూస్తే ఆ అడవిలోవి తారుకు పనికొచ్చే పైన్లు కావు. 1712కల్లా గవర్నర్ హంటర్ చేతిలో డబ్బయిపోయింది, ఎవరి తిండి వాళ్ళే చూసుకోమన్నారు.

ఈలోపే ఇంకొకటి జరిగింది. అనాథల్నీ, పోషించలేని వాళ్ళ పిల్లల్నీ గవర్నర్ పనివాళ్ళుగా ఇతరుల ఇళ్ళకు కట్టబెట్టాడు. కాన్రాడ్ తమ్ముళ్ళిద్దరిని లాంగ్ ఐలండ్ పంపారు. అప్పుడు జబ్బుపడి ఉన్న తండ్రి ఒప్పుకున్నాడట. ఆ "ఒప్పుకున్నాడు" దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను తల్లీ. మంచం మీదున్న మనిషి, పరాయి దేశం, ఎదురుగా ఒక కాగితం. ఏమని ఒప్పుకుని ఉంటాడు?

ఇక కాన్రాడ్ వంతు. జర్మన్లు స్కోహారీ లోయకు తరలిపోదామనుకున్నారు. అది మోహాకుల నేల. వాళ్ళతో మాట్లాడాలంటే వాళ్ళ భాష వచ్చినవాడు ఒకడు కావాలి. 1712 చివర్లో ఒక మోహాక్ పెద్ద ఇంటికొచ్చి పిల్లాణ్ణి తనతో తీసుకెళ్తానన్నాడు. తండ్రి సరేనన్నాడు. నవంబరు నెలాఖరుకు పిల్లాడు వాళ్ళ ఊరు చేరాడు. ఒంటిమీద సరైన బట్టల్లేవు. చలికి అల్లాడిపోయానని రాశాడు. చలి తగ్గి వసంతం వచ్చేసరికి ఆకలి మొదలైంది, ఎందుకంటే ఆ ఇంట్లోవాళ్ళకే తినడానికి లేదు. తాగినవాళ్ళకు భయపడి ఎక్కడెక్కడో దాక్కునేవాడట. జులైలో తండ్రి దగ్గరికి తిరిగొచ్చేసరికి మోహాక్ భాష చాలావరకు వచ్చేసింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ తగాదా వచ్చినా కాన్రాడ్‌ని పిలవడమే. అయితే ఆ పనికి కూలి మాత్రం ఎవరూ ఇవ్వలేదని కూడా రాశాడు.

నీ ప్రశ్నకు జవాబు ఇదే. తండ్రి ఒప్పుకున్నాడని ఉంది. పిల్లాణ్ణి అడిగారన్న మాట ఆయన రాసినదాంట్లో నాకెక్కడా కనపడలేదు.

నేనూ నిన్ను అడగలేదు.

పదో తరగతి ఫలితాలొచ్చిన వారంలోనే ఆ రెసిడెన్షియల్ కాలేజీలో డబ్బు కట్టొచ్చాను. కట్టిన రసీదు చూపించి నీకు చెప్పాను. కొత్త ట్రంకుపెట్టె మీద తెల్ల పెయింటుతో నీ పేరు నేనే రాశాను, గుర్తుందా? ఆఖరి అక్షరం ఆరకముందే నా మోచెయ్యి తగిలి కొమ్ము చెదిరిపోయింది. నువ్వేమీ అనకుండా వచ్చి, చూపుడువేలితో ఆ కొమ్ము సరిచేసి, వేలికంటిన పెయింటు లంగాకి తుడుచుకున్నావు. కొత్త లంగా పాడుచేశావని అమ్మ కేకలేసింది. ఆ మచ్చ ఉన్న లంగాతోనే కాలేజీ గేటు దాటి లోపలికెళ్ళావు.

నీకు కామెర్లొచ్చిన సంగతి మాకు వారం తర్వాత గానీ తెలియనివ్వలేదు. దానికి కాలేజీ వాళ్ళ మీద ఎంత మండిపడ్డానో నీకు తెలుసు. కానీ అంతకు నాలుగు రోజుల ముందు నువ్వే వార్డెను ఫోన్ నుంచి "నాన్నా, ఇంటికొచ్చేస్తా" అన్నావు. నేను, "రెండేళ్ళు కళ్ళు మూసుకో తల్లీ, అయిపోతుంది" అన్నాను. ఆ మాట నాది. దాన్ని ఎవరి మీదికీ తోసెయ్యలేను.

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఏంటంటే, పంపబట్టే కదా సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది అని. వైజర్ గురించీ అలాగే అంటారు. ఆ ఒక్క చలికాలంలో నేర్చిన భాషే ఆయన్ని అంతటివాణ్ణి చేసింది. 1729లో భార్యాపిల్లలతో పెన్సిల్వేనియా తుల్పెహాకెన్‌కి వచ్చి సేద్యం మొదలుపెట్టాడు. షికెలమీ అనే ఒనైడా పెద్దతో స్నేహం కుదిరింది. తర్వాత సుమారు ముప్పై ఏళ్ళు, మోహాకులూ ఒనైడాలూ ఉన్న ఇరోక్వాయ్ జాతుల కూటమికీ పెన్సిల్వేనియా ప్రభుత్వానికీ నడుమ మాట ఆయనదే. 1744లో లాంకాస్టర్ ఒప్పందానికి దుబాసీ ఆయనే. మీరుంటున్న ఆ రీడింగ్ ఊరికి పునాది వేసినవాళ్ళలోనూ ఆయనున్నాడు. 1760లో పోయాడు. మరుసటేడు ఈస్టన్‌లో జరిగిన సమావేశంలో ఇరోక్వాయ్ ప్రతినిధి లేచి, ఆయన పోయాక చీకట్లో కూర్చున్నట్టుంది, ఒకరి మాట ఒకరికి సరిగా అందడం లేదు అన్నాడు.

అంతా నిజమే. అయినా ఆకలితో దాక్కున్న ఆ పిల్లాడి రాత్రులకు అది జవాబు కాదు. నీకు కామెర్లప్పటి ఆ నాలుగు రోజులకు నీ ఉద్యోగం జవాబు కానట్టే. ఇది ఒప్పుకోవడానికి నాకు డెబ్బై ఏళ్ళొచ్చాయి.

ఇంకో సంగతి కూడా నీతో చెప్పాలి. తుల్పెహాకెన్ నేల లెనాపేలనే మరో ఆదివాసీ జాతిది. కొనకుండానే జర్మన్లు అక్కడ ఇళ్ళు వేశారు. వాళ్ళ పెద్ద ససూనన్ 1728లో ఫిలడెల్ఫియా వెళ్ళి మొరపెట్టుకున్నాడు. ఆ నేలకు వెల ముట్టింది 1732లో. వైజర్ మధ్యవర్తిత్వం ఇరోక్వాయ్‌లకు బలమైంది గానీ లెనాపేలకు మాత్రం నిలువనీడ లేకుండా చేసింది. మనవడికి ఈ కథ చెప్పేటప్పుడు ఇది వదిలెయ్యకు.

అన్నా ఈవ్‌ని అసలే వదలొద్దు. కాన్రాడ్‌కి 1720లో భార్యగా వచ్చింది. పద్నాలుగు మంది పిల్లల్ని కని, ఏడుగురిని మట్టిలో పెట్టింది. మొగుడు ఇరోక్వాయ్‌ల ముఖ్య ఊరు ఒనొండాగా దాకా మంచులో నడిచెళ్ళి నెలల తరబడి రాకపోతే పొలం, పశువులు, పిల్లలు ఆమెవే. 1735లో ఆయనకి వైరాగ్యం పుట్టి ఎఫ్రటాలో బ్రహ్మచర్య మఠంలో చేరాడు. ఆమె కూడా వెళ్ళింది గానీ ఎన్నాళ్ళో ఉండలేదు, పొలానికీ పిల్లలకీ తిరిగొచ్చేసింది. ఆయనకి మఠం మీద నమ్మకం పోయి బయటికి రావడానికి ఏళ్ళు పట్టింది. నువ్వు అక్కడ సమాధుల దగ్గర ఆయన రాయి ముందు కాకుండా పక్కన ఆమె రాయి ముందు నిలబడ్డావు. నేను ఫోటో తీశాను. ఫ్రేము కట్టించాను.

మన ఊరికీ ఆ ఇంటికీ ఒక దారం ఉంది. వాళ్ళ అమ్మాయి అన్నా మరియా 1745లో హెన్రీ మ్యూలెన్‌బర్గ్ అనే లూథరన్ పాస్టర్‌ని పెళ్ళాడింది. ఆయన 1748లో పెన్సిల్వేనియా లూథరన్ చర్చీలను ఒక సంఘంగా కట్టాడు. ఆ సంఘం పంపగా జర్మనీలో పుట్టి అమెరికా చేరిన హేయర్ అనే పాస్టర్ 1842 జులై 31న మన గుంటూరులో దిగాడు. నేను చదువుకున్న ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ ఆ మిషన్ పెట్టిందే. పొద్దున నడకకెళ్ళినప్పుడు ఆ గోడ పక్కన ఇప్పుడు అడుగు నెమ్మదిస్తోంది.

కాన్రాడ్ తండ్రి సంగతి చెప్పలేదు కదా. స్కోహారీ భూముల కోసం లండన్ వెళ్ళి మొరపెట్టుకోబోయి, సముద్రంలో దోపిడీకి గురై, అక్కడ అప్పులకు జైల్లో పడ్డాడు. తండ్రీకొడుకులకు అంత పొసగలేదు. ఇల్లాలు పోయాక తెచ్చుకున్న రెండో భార్యతో ఇల్లు ఇల్లుగా లేదు. చివరికి 1746లో, ఎనభై దాటిన వయసులో, నడవలేని స్థితిలో, న్యూయార్క్ నుంచి బయల్దేరి తుల్పెహాకెన్‌లో కొడుకింటికి చేరాడు. మనవల్ని చూశాడు. ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. ఆ కాలంలో ఆ దారి ఎంత దూరమో నువ్వే మ్యాప్‌లో చూడు. కొడుకుతో ఆఖర్న ఏం మాట్లాడి ఉంటాడా అని నాకు రాత్రుళ్ళు తోస్తుంది.

మార్చిలో మేం మళ్ళీ వస్తున్నాం. టికెట్లు అల్లుడుగారికి పంపాను. వచ్చాక ఒకరోజు మనిద్దరమే ఆ తోటకెళ్దాం. హాస్టల్లో ఆ రెండేళ్ళూ ఏం జరిగిందో మొదటి రోజు నుంచి చెప్పు. మధ్యలో నేను ఒక్క మాటా అడ్డు రాను.

ఉసిరికాయ పచ్చడి ఈసారి అమ్మ కారం తగ్గించి పెట్టింది, బుడ్డోడి కోసం.

నీ
నాన్న