గ్యాస్ బిళ్ల ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న

సంపాదకుల వారికి,

నమస్కారం. ఒక మండల కేంద్రంలో ముప్పై ఏళ్లకు పైగా మందుల దుకాణం నడిపి ఈ మధ్యే విశ్రాంతి తీసుకున్నాను. దుకాణం కట్టేసే వేళకు వచ్చి, 'గ్యాస్ పట్టేసిందండీ, ఏదైనా బిళ్ల ఇవ్వండి' అన్నవారికి లెక్కలేదు. వారిలో చాలామందికి నిజంగా అజీర్తే. ఒక రాత్రి తండ్రి కోసం వచ్చిన కుర్రవాడికి బిళ్ల ఇచ్చి పంపాను. ఆ తండ్రి గుండెపోటుతో తెల్లవారేసరికి లేడు. నొప్పి ఎక్కడుంది, చెమట పడుతోందా అని ఆ కుర్రవాణ్ణి నేను అడగలేదు.

గుండెపోటు నొప్పి ఎడమవైపే పొడుస్తుందని మనలో పాతుకుపోయిన నమ్మకం. నిజానికి చాలామందికి అది రొమ్ము నడుమ బరువు పెట్టినట్టు, బిగించినట్టు ఉంటుంది. భుజానికి, చేతికి, దవడకు, వీపుకు పాకవచ్చు, పొట్ట పైభాగంలో మంటగానూ తోచవచ్చు. మధుమేహం ఉన్నవారిలో, ఆడవారిలో, వృద్ధుల్లో నొప్పి అంతగా లేకుండా ఆయాసం, చెమట, వాంతి, అంతులేని నీరసం మాత్రమే కనిపించవచ్చు. సోడా తాగాక తేన్పు వచ్చి నెమ్మదించింది కనుక గ్యాసేనని తేల్చుకోవడం పొరపాటు, ఎందుకంటే గుండె నొప్పి కూడా దానంతటదే తగ్గి మళ్లీ రావచ్చు. నొక్కితే నొప్పి పెరగడం కండరాల బాధకు గుర్తే కావచ్చు గాని, ఆ పరీక్ష ఇంట్లో చేసుకుని నిశ్చింతగా పడుకోవలసినది కాదు.

ఇలాంటి నొప్పి కొన్ని నిమిషాల్లో తగ్గకపోయినా, చెమట, ఆయాసం, కళ్లు తిరగడం తోడైనా వెంటనే 108కి ఫోన్ చేయాలి. సొంతంగా బైకు నడుపుకుంటూ వెళ్లడం ప్రమాదం. (గట్టిగా దగ్గుతూ ఉంటే గుండెపోటు ఆగుతుందని వాట్సాప్‌లో తిరిగే సలహాను నమ్మి నిమిషాలు పోగొట్టుకోవద్దు.) ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది వైద్యుల నియమం. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. అనుమానం ఉంటే మళ్లీ తీస్తారు, గుండె కండరం దెబ్బతిన్నదేమో తెలిపే ట్రోపోనిన్ రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండోసారి చేస్తారు. కాబట్టి 'ఈసీజీ బాగుందటగా' అని రోగిని ఇంటికి లాక్కుపోకూడదు. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని తేలితే, యాంజియోప్లాస్టీ (సన్నని గొట్టం పంపి ఆ నాళాన్ని తెరిచే చికిత్స) 120 నిమిషాల్లోపు అందే అవకాశం లేనిచోట రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ముందే ఇస్తారు. అది నొప్పి మొదలైన 12 గంటల వరకు ఇవ్వవచ్చు గాని, తొలి గంటల్లో చేసినంత మేలు తరువాత చేయదు. తెల్లారాక చూద్దామన్న మాటకు మనం చెల్లిస్తున్న మూల్యం ఆ గంటలే.

నా మనవి రెండు వర్గాలకు. రాత్రివేళ గ్యాస్ బిళ్ల అడిగినవారిని మందుల దుకాణాల వారు 'ఎవరికి, ఎంతసేపటి నుంచి, చెమట పడుతోందా' అని అడిగాకే ఇవ్వాలి. అనుమానం తోస్తే బిళ్లకు బదులు ఆసుపత్రి దారి చూపాలి. గడ్డను కరిగించే ఆ ఇంజెక్షన్ రాత్రీ పగలూ దొరికే దగ్గరి ఆసుపత్రి ఏదో, అక్కడి ఫోన్ నంబరేమిటో రాసిన బోర్డును ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు, ప్రతి సచివాలయంలో వైద్య ఆరోగ్య శాఖ పెట్టించాలి. మా మండలంలో అలాంటి బోర్డు నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
పల్నాడు జిల్లా