చేత్తో చేసే వైద్యం పేరుతో డబ్బు తీసుకొని మెషీన్ పెట్టి పంపుతున్న తీరుపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,
ఫిజియోథెరపీ సంస్థ ప్రధాన కార్యాలయం, హైదరాబాద్.

విషయం: హనుమకొండ బ్రాంచిలో మాన్యువల్ థెరపీ (చేత్తో చేసే చికిత్స) ప్యాకేజీ, భుజం మీద కాలిన గాయం, తప్పుడు రికార్డుల గురించి.

అయ్యా,

మా బాపు కొత్తవాడలో షత్రంజీలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు నేస్తాడు. ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గమే ఆయన పని. చలికాలంలో కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలంటే అమ్మ పక్కన ఉండాలి, ఆ వైపు ఒత్తిగిలితే నిద్ర లేదు. ఎముకల డాక్టర్ చూసి ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందట. ఫిజియోథెరపిస్టు చేత్తో కీలును సడలిస్తూ, ఎక్సర్‌సైజులు చేయిస్తే మెల్లగా దారికి వస్తుందని చీటీ రాసిచ్చారు. షుగర్ ఉందని ఆ చీటీలోనే ఉంది. అది పట్టుకునే మీ దగ్గరికి వచ్చాం.

మీ కౌంటర్‌లో మాకు చెప్పింది ఒక్కటే: క్వాలిఫైడ్ థెరపిస్టు చేతులతో చికిత్స. సెషన్‌కు 800 రూపాయల లెక్కన ప్యాకేజీ డబ్బంతా ముందే కట్టించుకున్నారు. నేత కూలీ మీద నడిచే ఇంటికి అది పెద్ద మొత్తం.

మొదటి రోజు చూసిన థెరపిస్టు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆమె పని ఎలా ఉండాలో మీరు తెలుసుకోవాలనే రాస్తున్నాను. ముందు ఏ పని చేస్తారు, షుగర్ ఎంత, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా అని అడిగింది. చెయ్యి పక్కకు, పైకి, బయటి వైపుకు ఎంతవరకు వస్తుందో స్కేలు పెట్టి కొలిచి రాసుకుంది. తర్వాత ఒక చెయ్యి బాపు రెక్క ఎముక మీద ఆనించి, ఇంకో చేత్తో దండచెయ్యి పై భాగం పట్టుకొని, గుండ్రటి ఎముకను గుంటలో కొంచెం కిందికి, కొంచెం వెనక్కి జరుపుతూ పోయింది. ఆ కదలిక చూసేవాళ్లకు కనిపించనంత చిన్నది. నొప్పి పదికి ఎంత అని మధ్యమధ్య అడుగుతూనే ఉంది, ఎక్కువైందంటే పట్టు తగ్గించింది. చివర్లో గోడ మీద వేళ్లతో పైకి పాకించడం నేర్పింది. ఇంటికి వచ్చాక బాపు తలకు తనే నూనె పెట్టుకోగలిగాడు. మా అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత ఆమె మళ్లీ కనిపించలేదు. వేరే బ్రాంచికి పంపామన్నారు. అప్పటి నుంచి ఒక్కోసారి ఒక్కో కుర్రాడు వచ్చి భుజానికి కరెంటు ప్యాడ్లు అంటించి, హాట్‌ప్యాక్ పెట్టి, కర్టెన్ వేసి వెళ్లిపోవడమే. టైమర్ మోగితే “అయిపోయింది అంకుల్” అనేవారు. ఎవరూ ముట్టుకొని చూసింది లేదు. ఒకసారి మాత్రం ఒక అబ్బాయి చెయ్యి పట్టుకొని ఒక్క ఊపున పైకి లేపాడు. నొప్పి బాగా ఉన్న దశలో ఫ్రోజెన్ షోల్డర్‌ను అలా బలవంతంగా గుంజితే నొప్పి ఇంకా పెరుగుతుంది. ఆ రాత్రంతా బాపు కూర్చునే ఉన్నాడు.

హాట్‌ప్యాక్ సంగతి ఇంకా ఘోరం. ఆ ప్యాకులు 70 డిగ్రీల పైన కాగే నీళ్లలో నానుతూ ఉంటాయి. అందుకే ఆరేడు పొరల టవల్ చుట్టాలి, కాసేపటికి ఎత్తి చర్మం చూడాలి. షుగర్ వల్ల కొందరికి స్పర్శ మొద్దుబారుతుంది కనుక, వేడి చల్లన తెలుస్తున్నాయా అని ముందే పరీక్షించాలి. ఇవేవీ జరగలేదు. మంట తెలిసేసరికి ఆలస్యమైంది, పిలిస్తే పలికే మనిషి లేడు. చికిత్స అంటే ఇట్లనే ఉంటదేమోనని ఓర్చుకున్నాడు. ఇంటికొచ్చి బనియన్ తీస్తే భుజం వెనక రూపాయి బిళ్లంత బొబ్బ. షుగర్ మనిషికి పుండు మానడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా?

ఆ రోజు ఫైలు అడిగి చూశాను. ప్రతి తేదీ ఎదురుగా “మాన్యువల్ థెరపీ చేయబడింది” అని ఉంది, కింద ఆ మొదటి అమ్మాయి పేరే ఉంది. ఊళ్లో లేని మనిషి పేరు మీద చెయ్యని వైద్యం రాశారు! మీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే “మెషీన్ కూడా థెరపీయే మేడం” అన్నారు. కావచ్చు. చేత్తో చేసే ముందు వేడి పెట్టడం మంచిదే. కానీ మేము డబ్బు కట్టింది చేతికి. ఆ చేతి వెనక నాలుగున్నరేళ్ల బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదువు ఉంటుందని, ఎక్కడ నొక్కాలో, ఎక్కడ ఆగాలో తెలుస్తుందని నమ్మి కట్టాం.

చెయ్యని సెషన్ల డబ్బు, కాలిన గాయానికి మేము పెట్టిన మందుల ఖర్చు వాపసు ఇవ్వండి. ఫైలులో తప్పుగా రాసినవి సరిదిద్ది, పూర్తి కాపీ పంపండి, ఎందుకంటే వేరే చోట చికిత్స మొదలుపెట్టాలంటే మొదటి రోజు కొలతలు కావాలి. బాపు ఒంటి మీద చెయ్యి వేసిన ప్రతి ఒక్కరి పేరు, చదువు రాతపూర్వకంగా తెలపండి. ఇంకో మాట, ఇది మా ఒక్కరి కోసం కాదు: షుగర్ ఉందా అని అడగకుండా, స్పర్శ చూడకుండా ఆ బ్రాంచిలో ఎవరికీ హాట్‌ప్యాక్ పెట్టకుండా వెంటనే ఆదేశాలు ఇవ్వండి. కర్టెన్ల వెనక పడుకున్న వాళ్లలో సగం మంది మా బాపు వయసు వాళ్లే.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేము ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, సేవకు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే కేసుకు ఫీజు కూడా లేదు. రసీదులు, ఫైలు ఫోటోలు, గాయం ఫోటోలు, డాక్టర్ చీటీ నకలు జతపరిచాను.

ఇట్లు,
పేషెంట్ కూతురు,
కొత్తవాడ, వరంగల్.