శుక్రవారం రాత్రి చేసిన మార్పు గురించి, మీ సేవ్ గేమ్‌ల గురించి

బ్రాడీపేటలో మన గేమింగ్ సెంటర్‌కి వచ్చే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ,

పోయిన శుక్రవారం రాత్రి షట్టర్ దించాక 12 సిస్టమ్స్‌లో పదింటిలో జీరో ఏ.డీ. గేమ్‌ని, అదే పాతకాలపు రాజ్యాలతో ఊళ్ళు కట్టి యుద్ధాలు చేసే ఆటని, 26వ వెర్షన్ నుంచి 27కి మార్చాను. అప్పటికే ఒంటిగంట దాటింది. మిగతా రెండూ తెల్లారాక చూద్దాంలే అని వదిలేశాను. మీలో ఎవరికీ ముందుగా ఒక్క మాట చెప్పలేదు.

శనివారం రానివాళ్ళ కోసం జరిగింది చెప్తాను. సాయంత్రం నలుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు మ్యాచ్ పెట్టుకున్నారు. 11, 12 నంబర్ల దగ్గర కూర్చున్న ఇద్దరూ లోపలికి రాలేకపోయారు, ఎందుకంటే వెర్షన్ వేరైతే ఈ గేమ్‌లో కలిసి ఆడటం కుదరదు. మిగతా సిస్టమ్స్ అన్నీ నిండిపోయి ఉన్నాయి. మ్యాచ్ ఆగిపోయింది. అంతకన్నా పెద్ద నష్టం 4వ నంబర్ దగ్గర జరిగింది. ఇంటర్ రెండో సంవత్సరం తమ్ముడొకడు మౌర్యులతో మూడు సాయంత్రాలుగా ఒకే ఆట ఆడుతున్నాడు. చెట్లు కొట్టే చోటికి పనిచేసే ఏనుగుని పంపి, అక్కడికక్కడే కలప దించుకుంటూ మెల్లగా ఊరు కట్టుకున్నాడు. గంటకి 40 రూపాయల చొప్పున డబ్బులు ఇచ్చి ఆడిన ఆట అది. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిపెట్టిన సేవ్ ఫైల్ జాబితాలో కనిపిస్తోంది, తెరుచుకోవట్లేదు. వాడు నాతో గొడవేమీ పెట్టుకోలేదు. ఒక నిమిషం స్క్రీన్ వంక చూసి, బ్యాగ్ తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు మాటలు అనేసి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆ సాయంత్రం మీలో కొందరు గేమ్ తయారుచేసినవాళ్ళని తిట్టారు. దయచేసి అలా అనకండి. తప్పు వాళ్ళది కాదు, నాది. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

జీరో ఏ.డీ.ని తయారుచేసేది వైల్డ్‌ఫైర్ గేమ్స్ అనే బృందం. పేరు చూస్తే కంపెనీలా ఉంటుంది కానీ వాళ్ళు వాలంటీర్లు. ఉద్యోగం, చదువు అయ్యాక మిగిలిన టైమ్‌లో పనిచేసేవాళ్ళు. 2009లో గేమ్ కోడ్ మొత్తం అందరికీ తెరిచేశారు. 2013లో ప్రజల నుంచి విరాళాలు అడిగారు. లక్షా 60 వేల డాలర్లు అనుకుంటే 33 వేల చిల్లర వచ్చింది. అయినా పని ఆపలేదు. 26వ వెర్షన్ 2022 సెప్టెంబర్‌లో వస్తే, 27 వచ్చేసరికి 2025 జనవరి నెలాఖరైంది. వెర్షన్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల వరసలో పెడుతూ చివరి అక్షరం దాకా వెళ్ళి, మళ్ళీ మొదటి అక్షరానికి వచ్చి దీనికి ‘అగ్ని’ అని పెట్టారు. మన వేదాల్లోని అగ్నే. ఆ పేరు చూసిన రోజు నాకు చాలా సంతోషమేసింది.

వాళ్ళు కొత్త వెర్షన్‌ని చెప్పాపెట్టకుండా మన మీద పడెయ్యరు. ముందు పరీక్ష కోసం ఒక రూపం బయటపెట్టి, ఆడి చూసి లోపాలు చెప్పండి అని ఆటగాళ్ళని అడుగుతారు. ఏం మారిందో రాసి పెడతారు. రూపాయి తీసుకోనివాళ్ళు అంత పద్ధతిగా చెప్తుంటే, గంటకింత అని మీ దగ్గర తీసుకునే నేను గోడ మీద ఒక కాగితం కూడా అంటించలేదు.

వాళ్ళతో ఎలా మాట్లాడాలో కూడా నేను ఒక దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాను. ఇంతకుముందు ఒకసారి మన మ్యాచ్‌లు మధ్యలో ‘అవుట్ ఆఫ్ సింక్’ అని వచ్చి వరసగా చెడిపోయాయి, గుర్తుందా? మీ టెన్షన్ చూసి నేనూ కోపంగా రాశాను, మీ గేమ్ మాటిమాటికీ చెడిపోతోంది, వెంటనే బాగుచెయ్యండి అని. వాళ్ళు కోప్పడలేదు. ఏ వెర్షన్, ఏ విండోస్, మాడ్స్ (గేమ్‌ని మార్చే అదనపు ఫైళ్ళు) ఏమైనా వేశారా, మ్యాచ్ తాలూకు ‘కమాండ్స్’ ఫైల్ పంపగలరా అని అడిగారు. మనం ఆడిన ప్రతి ఆటలో ఎవరు ఎప్పుడు ఏ ఆజ్ఞ ఇచ్చారో ఆ ఫైల్‌లో ఉంటుంది. దాంతో ఆటని వాళ్ళు మొదటి నుంచీ మళ్ళీ నడిపి చూడగలరు. నా నాలుగు కోపపు వాక్యాల్లో వాళ్ళకి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

ఆ వివరాల కోసం ఒక్కో సిస్టమ్ వెతుకుతుంటే 7వ నంబర్‌లో దొరికింది. ఎవరో ఏనుగు ప్రాణం పెంచుకోవడానికి ఒక ఫైల్ మార్చి పెట్టారు. ఈ గేమ్‌లో ఎనిమిది మంది ఆడుతుంటే, ఏనుగు ఎక్కడుంది, దానికి ఇంకెంత ప్రాణం ఉంది అనేది ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి వెళ్ళదు. మీరు ఇచ్చిన ఆజ్ఞలే వెళ్తాయి. యుద్ధం లెక్కంతా ప్రతి సిస్టమూ సొంతంగా వేసుకుంటుంది. ఎనిమిది లెక్కలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా రావాలి. 7వ నంబర్‌లో చావాల్సిన ఏనుగు చావలేదు, లెక్క తప్పింది, ఆట విడిపోయింది. పాత వెర్షన్, కొత్త వెర్షన్ కలిసి ఆడలేకపోవడానికీ, పాత సేవ్ కొత్తదాంట్లో తెరుచుకోకపోవడానికీ కారణం ఇలాంటిదే. లోపలి లెక్కలు మారిపోతాయి కాబట్టి.

తప్పు మా సెంటర్‌లోనే ఉంది, మీ టైమ్ వృథా చేశాను, క్షమించండి అని మళ్ళీ రాశాను. రాయడానికి రెండు రోజులు పట్టింది. సమస్య ఎక్కడుందో తెలిసినందుకు థ్యాంక్స్ అని జవాబు వచ్చింది.

ఆ ఫైల్ మార్చిందెవరో నేను అడగను. కానీ ఇక మీదట ఎవరైనా ప్రయోగం చెయ్యాలనుకుంటే నాకు చెప్పండి, విడిగా ఒక సిస్టమ్ ఇస్తాను. ఫైళ్ళు విప్పి చూడటం మంచి ఆసక్తి, ఈ గేమ్‌ని తెరిచిపెట్టిందే అందుకు.

కౌంటర్ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. గేమ్‌లో ఏదైనా తేడా వస్తే సిస్టమ్ నంబర్, టైమ్, సరిగ్గా ముందు మీరు ఏం చేస్తున్నారు అన్నది తెలుగులోనే రాయండి. ‘హ్యాంగ్ అయింది’ అని వదిలేస్తే నేను ఏమీ చెయ్యలేను. ‘ఏనుగులన్నిటినీ ఒకేసారి గోడ మీదికి పంపగానే ఆగింది’ అని రాస్తే పనికొస్తుంది. ప్రతి ఆదివారం ఫైళ్ళు తీసి, ఇంగ్లిష్‌లో రాసి, వాళ్ళకి పంపే పని నాది. జవాబు వస్తే అదే పేజీలో రాస్తాను. రాకపోతే రాలేదనీ రాస్తాను. మన సెంటర్ నుంచి మాత్రం ఎవరూ వాళ్ళని బూతులు తిట్టొద్దు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే ఉంటాను.

వెర్షన్ మార్చాలంటే వారం ముందు తలుపు మీద కాగితం ఉంటుంది. శని, ఆదివారాల్లో మార్చను, అన్ని సిస్టమ్స్ ఒకేసారి మారుస్తాను. శనివారం మ్యాచ్ ఆడలేకపోయిన ఎనిమిది మందికీ తలా రెండు గంటలు రాసి పెట్టాను. పేరు చెప్తే చాలు.

11, 12 నంబర్లలో ఇప్పుడు రెండు వెర్షన్లూ వేర్వేరు ఫోల్డర్లలో ఉన్నాయి. మీ పాత సేవ్ ఫైళ్ళు ఏవీ చెరిగిపోలేదు, పది సిస్టమ్స్ నుంచీ తీసి ఈ రెండింటిలో పెట్టాను. 4వ నంబర్ తమ్ముడి ఆట నిన్న రాత్రి 11లో తెరిచి చూశాను. ఏనుగు ఇంకా చెట్ల దగ్గరే నిలబడి ఉంది. దేన్నీ కదపకుండా మూసేశాను. తమ్ముడూ, ఆ సిస్టమ్ ఈ వారమంతా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నీకోసం ఖాళీగా ఉంటుంది, డబ్బులు వద్దు. వాడి ఫోన్ నంబర్ నా దగ్గర లేదు. వాడితో చదివేవాళ్ళు ఎవరైనా ఇది చూస్తే కాస్త చెప్పండి.