సముద్రపు ఆవుల సంరక్షణ నిధి: క్రోధి నామ సంవత్సరపు జమా ఖర్చుల వివరణ

పెరంబూరు తెలుగు కుటుంబాల దాతలందరికీ కమిటీ నమస్కారాలు.

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో రాశుల వారీగా అందరి ఆదాయ వ్యయాలూ విన్నాం గాని, తంజావూరు వైపు కడలిలో సముద్రపు ఆవును, అంటే డ్యూగాంగ్ అనే నీటి క్షీరదాన్ని కాపాడడానికి పెట్టుకున్న మన నిధి ఆదాయ వ్యయాలను ఆ రోజు చదవలేకపోయాం. వల దుకాణం నుంచి రావలసిన ఒక బిల్లు ఏప్రిల్ రెండో వారం దాకా అందకపోవడమే ఇందుకు కారణం. బిల్లుగాని, సంతకం చేసిన చీటీగాని లేని పద్దును లెక్కలో చూపకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానించుకున్నందువల్ల ఆగవలసి వచ్చింది, ఆలస్యానికి మన్నించాలి. 2024 ఏప్రిల్ 9 నాటి క్రోధి ఉగాది మొదలు 2025 మార్చి 29 వరకు, అంటే విశ్వావసు ఉగాదికి ముందురోజు వరకు, వసూలైన సొమ్ము, అయిన ఖర్చు, మిగిలిన నిల్వ కింద వివరిస్తున్నాం.

జమ మొత్తం 1,67,263 రూపాయలు. ఇందులో క్రోధి ఉగాది ఉత్సవం ఖర్చులు పోను మిగిలిన 18,240 రూపాయలు నిధికి తొలి పెట్టుబడి. ఇంటింటి చందాలు 94 కుటుంబాల నుంచి 81,904 రూపాయలు వచ్చాయి. వెయ్యిన్నూట పదహార్లు ఇచ్చినవారు 61 మంది, ఐదువందల పదహార్లు ఇచ్చినవారు 25 మంది, నూటపదహార్లు ఇచ్చినవారు 8 మంది. పెద్ద విరాళాలు మూడు: 10,116 చొప్పున రెండు, 25,000 ఒకటి, వెరసి 45,232 రూపాయలు. వేసవిలో మహిళా సభ్యులు పెట్టి అమ్మిన ఆవకాయ 46 కిలోలకు, కిలో 450 చొప్పున, 20,700 రూపాయలు వచ్చాయి. బ్యాంకు వడ్డీ 1,187 రూపాయలు. మాది రిజిస్టరు కాని కమిటీ గనుక ఈ విరాళాలకు 80జి కింద ఆదాయపు పన్ను మినహాయింపు రాదని రసీదు వెనుకే అచ్చు వేయించాం; అయినా ఇద్దరు ముగ్గురు అడిగారు గనుక మళ్లీ చెబుతున్నాం.

చందాల విషయంలో ఒక పొరపాటును దాచకుండా చెప్పాలి. మొదట పంచిన కరపత్రంలో శీర్షికగా ‘సముద్రపు ఆవులను కాపాడుదాం’ అని పెద్ద అక్షరాలతో వేసి, కింద వివరాలు చిన్న అక్షరాలతో వేశాం. ఫలితంగా మూడు కుటుంబాలవారు ఇది సముద్రతీరంలోని ఏదో గోశాలకు అనుకుని, గోసేవ నిమిత్తం చందా ఇచ్చారు. సంగతి తెలియగానే ముగ్గురి ఇళ్లకూ వెళ్లి, ఇది ఆవు కాదని, తమిళ జాలర్లు ఆవులియా అనీ కడల్ పసు అనీ పిలిచే డ్యూగాంగ్ అనే నీటి క్షీరదమని, ఆవులాగా గడ్డి మేస్తుంది గనుకనే ఆ పేరు వచ్చిందని, చుట్టరికం చూస్తే అది ఆవుకంటే ఏనుగుకే దగ్గరని వివరించాం. ఒకరు సొమ్ము వెనక్కి తీసుకున్నారు. ఆ 1,116 రూపాయలు ఖర్చులో చూపాం. మిగిలిన ఇద్దరిలో ఒక పెద్దావిడ, ఏనుగుకు చుట్టమైతే వినాయకుడికీ చుట్టమే కదా, ఉంచండి అన్నారు.

ఇక ఖర్చు. ఈ నిధి లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన పద్దు వలలది. అడిగినవారిలో ఎక్కువ మందికి అర్థం కానిది కూడా ఇదే. జంతువును కాపాడడానికి ఇచ్చిన సొమ్ముతో జాలరికి వల కొనిపెట్టడమేమిటని సర్వసభ్య సమావేశంలో నిలదీశారు. డ్యూగాంగ్ చేప కాదు. కొద్ది నిమిషాలకోసారి పైకి వచ్చి ఊపిరి తీసుకోవలసిన ప్రాణి. టేకు చేపల కోసం వేసే పెద్ద కన్నుల వల, అంటే అక్కడివారి తిరుక్కై వల, నీటి అడుగున నిలిచి ఉంటుంది. మేతకు వచ్చి అందులో చిక్కుకున్న జంతువు పైకి రాలేక నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. ఆడ డ్యూగాంగ్ దాదాపు పదేళ్లు దాటితే గాని ఈనదు, పదమూడు పద్నాలుగు నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది, మళ్లీ ఈనడానికి మూడు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఇలాంటి జాతిలో ఒక్క పెద్ద ఆడజంతువు వలలో పోయిందంటే ఆ లోటు ఏళ్ల తరబడి పూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు గనుక దాన్ని వేటాడడం నేరం. పొరపాటున చిక్కినా తనమీదికి వస్తుందేమోనని జాలరి భయపడితే, ఆ సంగతి ఎవరికీ తెలియకుండానే ముగిసిపోతుంది.

జంతువు బతికుండగా వల కోసి దాన్ని వదిలేవాడికి పోయేది ఆ వలే. వదిలినవారికి అటవీ శాఖ ద్వారా ప్రోత్సాహకం ఇచ్చే పద్ధతి ఉంది. అయితే కాగితాలు కదిలి సొమ్ము చేతికి వచ్చేలోగా ఆ కుటుంబం వల లేకుండా గడపాలి. ఆ మధ్యకాలానికే మన నిధి. వల మొత్తం ధర మేము ఇవ్వలేదు. కోసిన ముక్కల ధర మాత్రమే ఇచ్చాం. డబ్బు వస్తుందంటే పాత వలను కావాలని కోసి చూపించరా అని ఒక సభ్యుడు వేసిన ప్రశ్న సరైనదే గనుక ఈ నియమం పెట్టుకున్నాం. ఊరి జాలర్ల పంచాయతీ పెద్దలు ధ్రువీకరించాలి, వదిలినప్పటి వీడియో ఉండాలి, అటవీ సిబ్బందికి కబురు అంది ఉండాలి. అప్పుడు సొమ్ము జాలరి చేతికి కాక నేరుగా వల దుకాణానికి వెళుతుంది.

ఏడాది మొత్తంలో ఇలా మూడు వలలకు 34,000 రూపాయలు ఇచ్చాం. ఆగస్టులో ఒక డ్యూగాంగ్‌ను వదిలినందుకు 16,500. జనవరిలో, మార్చిలో ఒక్కొక్క పచ్చ తాబేలును వదిలినందుకు 9,500, 8,000. ఆలస్యమైన బిల్లు ఈ చివరిదే. సముద్రపు ఆవుల పేరిట వసూలు చేసి తాబేళ్లకు ఎలా ఖర్చు పెట్టారన్న ఆక్షేపణ వచ్చింది. వల ఒకటే, మేత ఒకటే అన్నది కమిటీ సమాధానం: పచ్చ తాబేలు కూడా ఆ సముద్రపు గడ్డినే మేస్తుంది, పైగా తాబేలుకు వల కోయడానికి వెనకాడిన చేయి రేపు డ్యూగాంగ్‌కు కోస్తుందని మేము నమ్మలేదు. అయితే 25,000 రూపాయలు ఇచ్చిన దాత, అది డ్యూగాంగ్ కోసం కోసిన వలలకే వాడాలని రాసి ఇచ్చారు. కాబట్టి ఆ సొమ్ములోంచి 16,500 మాత్రమే తీసి, తాబేళ్ల వలల 17,500 సాధారణ చందాల నుంచి ఇచ్చాం. ఆ దాత సొమ్ములో మిగిలిన 8,500 విడిగా ఉంచాం.

మీరు చూశారా అని అందరూ అడిగే ప్రశ్నకు జవాబు: చూడలేదు. కమిటీ సభ్యులెవరమూ ఇంతవరకు డ్యూగాంగ్‌ను కళ్లారా చూడలేదు. చూసిందల్లా ఫోనులో అర నిమిషం వీడియో. అందులో బూడిదరంగు వీపు, ఆ తరువాత డాల్ఫిన్ తోకలా చీలిన తోక, ఆపైన నీళ్లే.

గడ్డి పద్దు 38,400 రూపాయలు. దీని గురించి మేము గర్వంగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పాక్ జలసంధి వైపు అదిరాంపట్టినం నుంచి అమ్మాపట్టినం దాకా, తంజావూరు, పుదుక్కోట్టై జిల్లాల తీరంలో 448 చదరపు కిలోమీటర్ల కడలిని తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరు 21న డ్యూగాంగ్ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. ఆ ప్రాంతానికి విలువ వచ్చింది లోతులేని నీటి అడుగున పరుచుకున్న గడ్డి వల్ల. ఇది నాచు కాదు. వేళ్లు, ఆకులు, పువ్వులు ఉన్న మొక్క. ఎదిగిన డ్యూగాంగ్ రోజుకు ముప్పై నలభై కిలోల గడ్డి మేస్తుంది. మరపడవల అడుగువలలు ఈడ్చుకుపోయినచోట ఆ గడ్డి వేళ్లతో సహా లేచిపోతుంది. బాగా ఉన్నచోటి నుంచి మొలకలు తెచ్చి, వెదురు చట్రానికి అడ్డంగా కట్టిన కొబ్బరిపీచు తాళ్లకు ముడివేసి, ఖాళీ అయిన చోట ముంచుతారు. వెదురు, తాడు కుళ్లిపోయేలోగా మొక్క వేరు పట్టుకుంటుంది. అటవీ శాఖ అనుమతితో అక్కడ ఈ పని ఇప్పటికే చేస్తున్నవారికి మన వంతుగా 40 చట్రాలకు వెదురు 12,600, తాడు 4,300, పడవ బాడుగ, మునిగి పనిచేసేవారి కూలి 21,500 ఇచ్చాం. బాడుగలో 3,500 రూపాయలకు బిల్లు లేదు, పడవ యజమాని సంతకం చేసిన చీటీ ఉంది.

ఫిబ్రవరిలో వెళ్లి చూస్తే 40లో 17 చట్రాలే మిగిలాయి. తప్పు మాది. తమిళుల ఐప్పసి నెల (అక్టోబరు-నవంబరు) వానలు వచ్చేశాయి, తై మాసం (జనవరి-ఫిబ్రవరి) దాకా ఆగమని ఊరివాళ్లు చెప్పారు. దీపావళి సమావేశంలో దాతలకు ఫోటోలు చూపించాలన్న తొందరతో అక్టోబరు మూడో వారంలోనే ముంచమని పట్టుబట్టాం. నవంబరు నెలాఖరున ఫెంగల్ తుఫాను వచ్చిన మాట నిజమే, దాని తడాఖా పెరంబూరులో మనమూ చూశాం. అయినా నెపం తుఫాను మీదికి నెట్టదలచుకోలేదు. ఆ కాలంలో ఆ కడలి ఎలా ఉంటుందో తెలిసినవారు ముందే చెప్పారు, మేము వినలేదు. పోయిన 23 చట్రాలకు సగటున అయిన ఖర్చు 22,080 రూపాయలు. దీన్ని కోశాధికారి, కార్యదర్శి చెరిసగం భరిస్తామన్నారు గాని, నిర్ణయం కమిటీ అందరిదీ గనుక సర్వసభ్య సమావేశం ఒప్పుకోలేదు.

మిగిలిన పద్దులు చిన్నవి. ఊరి బడులకు బొమ్మల పటాలు అచ్చు వేయించడానికి 9,750 రూపాయలు. పటాలు తమిళంలోనే ఎందుకని అడిగినవారికి, చదివే పిల్లలు తమిళ పిల్లలు గనుక అన్నదే జవాబు. పడవ సిబ్బందికి ఆరు లైఫ్ జాకెట్లు, ఒక్కొక్కటి 1,450 చొప్పున, 8,700. తంజావూరు నుంచి మనోరా తీరానికి వ్యాను బాడుగ, జూలైలో, ఫిబ్రవరిలో రెండు విడతలకు, 5,800 చొప్పున 11,600. ఎగ్మోర్ నుంచి తంజావూరు దాకా రైలు చార్జీలు, భోజనాలు ఎవరివి వారే పెట్టుకున్నారు. మనోరా దగ్గర తంజావూరు రాజు సరఫోజీ కట్టించిన గోపురం ఎక్కి ఫోటోలు దిగినందుకు ఇది విహారయాత్ర అన్నవారూ ఉన్నారు; గోపురం చూసిన మాట వాస్తవం, అందుకు నిధి నుంచి పైసా ఖర్చు కాలేదు. ఆవకాయకు మామిడికాయలు, నూనె, కారం, జాడీలు 13,150; దీనివల్ల నికరంగా మిగిలింది 7,550. రసీదు పుస్తకాలు, బ్యాంకు చార్జీలు 1,346. వాపసు ఇచ్చిన చందా 1,116.

ఖర్చు మొత్తం 1,18,062 రూపాయలు. నిల్వ 49,201, ఇందులో బ్యాంకులో 47,701, కోశాధికారి చేతిలో 1,500. ఈ నిల్వలో పైన చెప్పిన దాత షరతు ప్రకారం 8,500 కదిలించరానిది, సాధారణ అవసరాలకు వాడదగినది 40,701. కమిటీలో లేని సభ్యులొకరు, బ్యాంకు ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినవారు, వోచర్లన్నీ చూసి, పడవ బాడుగ చీటీ మీద తేదీ వేయలేదని ఒక్క అభ్యంతరం రాశారు. అది అలాగే ఉంది; తరువాత తేదీ వేయించడం సబబు కాదని వదిలేశాం.

రాబోయే ఏడాదికి చట్రాల పని తై మాసం దాటాకే, ఊరివాళ్లు చెప్పిన రోజునే. తాబేళ్ల వలలకు సాధారణ చందా వాడవచ్చా అన్న విషయం మీద సభ్యుల్లో ఇంకా భిన్నాభిప్రాయం ఉంది గనుక, సర్వసభ్య సమావేశం తేల్చేవరకు కొత్త చందాలు వసూలు చేయడం లేదు. బిల్లులు, చీటీలు, బ్యాంకు పుస్తకం మే నెలలో ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు గంటల దాకా కోశాధికారి ఇంట్లో చూడవచ్చు. కిందటి ఏడు తీసుకెళ్లిన ఆవకాయ జాడీలు నాలుగు ఇంకా తిరిగి రాలేదు. వచ్చేటప్పుడు అవి తీసుకురావలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి
పెరంబూరు, చెన్నై