‘అమృతం’ చూసిన ఏడాది: సాంస్కృతిక విభాగం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారములు.

గత ఉగాది నుండి ఈ ఉగాది వరకు మన కాలనీ సంక్షేమ సంఘం సాంస్కృతిక విభాగం చేసిన పనుల వివరాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ప్రతి ఏటా ఈ నివేదికలో బోనాలు, వినాయక చవితి, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గుల పోటీ వరుసగా వచ్చేవి. ఈసారి అవన్నీ యథావిధిగా జరిగాయనీ, మండపం దగ్గర మైకు విషయమై గొడవ కూడా యథావిధిగానే జరిగిందనీ చెప్పి ఊరుకుంటున్నందుకు మన్నించాలి. ఏడాది పొడుగునా మన హాలును నింపినదీ, ఇంటికి వెళ్ళేటప్పుడు మెట్ల మీద కూడా మనల్ని వాదించుకునేలా చేసినదీ ఒక్క ‘అమృతం’ ధారావాహిక. అందుకని ఈ నివేదికలో అధిక భాగాన్ని దానికే కేటాయించాను.

కిందటి సర్వసభ్య సమావేశంలో హాలు ఖాళీగా పడి ఉంటోందని పెద్దలు వాపోగా, నెలకొక ఆదివారం అందరూ కలిసి ఏదైనా పాత ధారావాహికను చూసి మాట్లాడుకుందామని ఒక సభ్యురాలు ప్రతిపాదించారు. ఏ ధారావాహిక అన్న ప్రశ్నకు నాలుగు మూలల నుండి ఒకే పేరు వినిపించింది. పార్కింగు గీతల దగ్గర నుండి నీటి ట్యాంకరు సమయం వరకు దేనిమీదా ఏకాభిప్రాయానికి రాని మన సంఘంలో చర్చ లేకుండా ఆమోదం పొందిన తీర్మానం నాకు తెలిసి ఇదొక్కటే. అయితే ఆ ఏకాభిప్రాయం పేరు వరకే నిలిచింది. మొదటి ఆదివారం టీ తాగేలోపే అది నాలుగు ముక్కలైంది.

చిన్న వయసు సభ్యుల కోసం కొన్ని వివరాలు చెప్పాలి. ‘అమృతం’ 2001లో జెమినీ టీవీలో మొదలై 2007 వరకు, అంటే ఆరేళ్ళ పాటు, 300కు పైగా భాగాలుగా ప్రసారమైంది. గుణ్ణం గంగరాజు దాన్ని తన జస్ట్ ఎల్లో సంస్థ ద్వారా నిర్మించారు. తొలి భాగాలకు దర్శకుడైన చంద్రశేఖర్ యేలేటి తరువాత అదే సంస్థకు 2003లో ‘ఐతే’ చిత్రం తీశారు. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన శీర్షిక గీతానికి కళ్యాణి మాలిక్ బాణీ కట్టారు. కథ అంటూ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు, వారు నడిపే అమృత విలాస్ అనే హోటలు, వారి భార్యలు సంజీవని, శాంత, ఇంటి ఓనరు అప్పాజీ, హోటల్లో పనిచేసే సర్వం. ఇంతే సరంజామా. వారానికొక ఉపాయం పన్నడం, వారం తిరగకుండానే అందులో తామే ఇరుక్కోవడం. అత్తాకోడళ్ళ కన్నీళ్ళు తప్ప మరొకటి ఎరుగని ఆనాటి తెలుగు టీవీలో ఇది ఎంత ఊరటగా ఉండేదో అప్పుడు చూసినవారికే తెలుసు.

మేము నిర్మాతలు యూట్యూబులో ఉంచిన భాగాలనే ప్రదర్శించాము. తెల్లటి దుప్పటి మీద ప్రొజెక్టరు వేసి చూపిన మొదటి నెలలో బొమ్మ కన్నా దుప్పటి మడతలే ఎక్కువ కనిపించాయన్న విమర్శను స్వీకరించి, రెండో నెల నుండి గోడకు సున్నం వేయించి దానిమీదే చూపించాము. పరీక్షల నెలలో మోత ఎక్కువైందని పై అంతస్తు నుండి లిఖితపూర్వకమైన ఫిర్యాదు వచ్చింది. మోత ధారావాహికది కాదు, దాని మీద మనవాళ్ళ వాదనలది. ఆ సంగతిని క్షమాపణతో సహా ఫిర్యాదుదారులకు తెలియజేశాము. తరువాతి నెల నుండి వారు కూడా వచ్చి వాదిస్తున్నారు.

అన్నిటికన్నా ఎక్కువసేపు సాగిన చర్చ అమృతం పాత్ర గురించి. ఆ పాత్రను మొదట శివాజీ రాజా, తరువాత నరేష్, ఆ తరువాత హర్షవర్ధన్ పోషించారు. ఒక ధారావాహికలో నాయకుడే రెండుసార్లు మారిపోతే చూసేవారు అలిగి వెళ్ళిపోవాలి. మనవాళ్ళు వెళ్ళలేదు సరికదా, ముగ్గురికీ మూడు వర్గాలుగా చీలి ఇరవై ఏళ్ళు గడిచినా కలవడం లేదు. తొలి వారం నుండి చూసినవారు శివాజీ రాజా ముఖంలోని అమాయకత్వం తరువాత ఇద్దరికీ రాలేదంటారు. బడికి వెళ్ళే వయసులో చివరి ఏళ్ళ భాగాలు చూసి పెరిగినవారికి అమృతం అంటే హర్షవర్ధనే. మిగిలిన ఇద్దరూ ఆయన స్థానంలో ఎవరో తాత్కాలికంగా వచ్చినట్టే వారికి తోస్తారు, కాలక్రమం తలకిందులైనా సరే. నరేష్ పక్షం వహించినవారు సంఖ్యలో తక్కువ, పట్టుదలలో ఎక్కువ. చేతులెత్తించి లెక్క తేలుద్దామన్న ప్రతిపాదనను నేను అధ్యక్షుల అనుమతితో తోసిపుచ్చాను. ఎవరు ఏ వయసులో చూశారన్నది తేలుతుందే తప్ప ఎవరు బాగా నటించారన్నది అందులో తేలదని నా అభిప్రాయం. ఈ విషయంలో పక్షపాతం చూపానన్న ఆరోపణను మినిట్స్‌లో నమోదు చేయించాను.

ఆ రోజు చివరలో, అంతవరకు మౌనంగా ఉన్న ఒక విశ్రాంత లెక్కల మాస్టారు లేచి, ముగ్గురు అమృతాలతో ఉన్న ఒక్కొక్క భాగాన్ని వరుసగా వేయమన్నారు. వేశాము. అమృతం ఒంటరిగా ఉన్నంతసేపే ముగ్గురి మధ్య తేడా తెలుస్తోందనీ, పక్కన ఆంజనేయులు వచ్చి నిలబడగానే అది ఎవరి కాలమో మరచిపోతున్నామనీ ఆయన గమనించమన్నారు. సమీకరణంలో ఒక వైపు విలువ మారుతున్నా లెక్క తప్పలేదంటే, రెండో వైపు స్థిరంగా ఉన్నందువల్లే కదా అన్నారు. ఆరేళ్ళూ ఆంజనేయులుగా ఉన్నది గుండు హనుమంతరావు ఒక్కరే. శీర్షిక అమృతానిదే కానీ, శీర్షిక గీతం పిలిచేది ఆంజనేయులినే అని వెనక వరుస నుండి ఒకరు అందించారు. వందలసార్లు విన్న పాటలో ఆ పిలుపు ఎవరిని ఉద్దేశించిందో అంతవరకు ఆలోచించని వారిలో నేనూ ఒకణ్ణి.

దీనికి అభ్యంతరం కూడా వచ్చింది. అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి మారలేదు కదా, వారి సంగతేమిటని ఒక యువ సభ్యుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఇద్దరూ లేకపోతే హోటలూ లేదు, ఇల్లూ లేదు. అద్దె పెంచే వారాన్ని పసిగట్టగల ఓనర్లు మన కాలనీలో కూడా ఉన్నందున అప్పాజీ వచ్చినప్పుడల్లా హాలులో కొన్ని తలలు ఒకే దిక్కుకు తిరిగేవని కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను. అయినా వారు వచ్చి పోయేవారు. అమృతం చేసే తెలివితక్కువ పనిని ముందు వద్దని, తరువాత సరేనని, చివరికి అందరికన్నా ఎక్కువ తన్నులు తినే మనిషి ఆంజనేయులు. మనలో చాలామందికి అమృతంలాంటి మిత్రుడు ఉన్నాడు, మనమే ఆంజనేయులమని ఎవరికి వారు అనుకుంటారు. బహుశా ఆ మిత్రులూ అలాగే అనుకుంటూ ఉంటారు.

అభిమానమే కాక అసంతృప్తి కూడా ఈ ఏడాది బాహాటంగా వినిపించింది. దాన్ని దాచి ఉంచడం నివేదికకు తగదు. వర్షాకాలపు సమావేశాల్లో మహిళా సభ్యులు సంజీవని, శాంత పాత్రల గురించి గట్టిగా మాట్లాడారు. సంజీవని పాత్రలో ఝాన్సీ మొదలుకొని నటీమణులు మారుతూ వచ్చినా, ముగ్గురు అమృతాల కోసం కొట్టుకునే మగవారిలో ఒక్కరైనా సంజీవనుల గురించి ఎప్పుడైనా వాదించారా అని ఒక సభ్యురాలు నిలదీశారు. ఎవరూ సమాధానం చెప్పలేదు. భార్యకు భయపడే భర్త అన్న హాస్యంలో భర్త తప్పులన్నీ ముద్దుగానూ, భార్య అడిగే న్యాయమైన ప్రశ్న గయ్యాళితనంగానూ కనిపిస్తాయని ఆమె అన్న మాట ఆ తరువాతి నెలల్లో చూసిన ప్రతి భాగంలోనూ నాకు అడ్డుపడింది. నవ్వు ఆగలేదు, కానీ నవ్వే ముందు ఒక క్షణం పక్కకు చూసుకోవడం అలవాటైంది. ఇదే సందర్భంలో, మన వీధి చివర చాలాకాలం టిఫిన్ సెంటరు నడిపి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న సభ్యుడు సర్వం గురించి వేరే కోణంలో మాట్లాడారు. పనివాణ్ణి అలా కసురుకుంటే మర్నాడు పొద్దున అట్ల పెనం దగ్గర ఎవరూ ఉండరనీ, తమ కాలంలో మాస్టరు అలిగితే యజమానే వెళ్ళి బతిమాలేవాడనీ చెప్పారు. అయితే హోటలు లాభాల్లోకి రాకపోవడం మాత్రం అక్షరాలా నిజమేనని ఆయనే ఒప్పుకున్నారు.

2014లో గంగరాజు స్వయంగా దర్శకత్వం వహించిన ‘అమృతం చందమామలో’ చిత్రంపై జరిగిన చర్చ పావుగంటలో ముగిసింది. అవసరాల శ్రీనివాస్ అమృతంగా, హరీష్ ఆంజనేయులుగా, హోటలు చందమామ మీద. ఊహ బాగుందనీ, గడప దాటితేనే చిక్కుల్లో పడే ఆ ఇద్దరినీ అంత దూరం పంపనక్కరలేదనీ రెండు మాటలు వచ్చాయి.

2020లో జీ5లో వచ్చిన ‘అమృతం ద్వితీయం’ దగ్గర మాత్రం మా అందరి మనసూ రెండుగా చీలింది. అది విడుదలైన మార్చి 25 ఆ ఏటి ఉగాది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా. మన గేటుకు తాళం వేసి, పాలవాడిని కూడా బయటే నిలబెట్టిన ఆ ఉదయం పచ్చడి తిని, పాత మిత్రులను చూద్దామని ఫోను తెరిచినవారు మనలో చాలామంది ఉన్నారు. హర్షవర్ధన్ ఉన్నారు, అప్పాజీ ఉన్నారు, సర్వం ఉన్నాడు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న కన్నుమూశారు కనుక ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్ కనిపించారు. ఎల్.బి. శ్రీరామ్‌ను ఇష్టపడనివారు ఈ హాలులో లేరు. రచయితగానూ, నటుడిగానూ ఆయన పేరు వస్తే లేచి నిలబడేవారున్నారు. అయినా తొలి భాగం పూర్తిగా చూడలేకపోయామని చెప్పినవారు ఎక్కువమంది. ఇది ఆ నటుడికి అన్యాయమని ఒక పక్షం వాదించింది. అమృతం మారితే ఇరవై ఏళ్ళు సరదాగా తగువులాడుకున్న మనం, తప్పనిసరై ఆంజనేయులు మారితే ఎందుకు ముఖం తిప్పుకుంటున్నామని వారి ప్రశ్న. లెక్కల మాస్టారి సమీకరణంలో దీనికి జవాబు ఉందని నేను అనుకుంటున్నాను. స్థిరంగా ఉన్నదే కదిలినప్పుడు లెక్క కొత్తగా వేయాలి. అంత ఓపిక మనకు లేకపోయింది. పదో తరగతి చదివే మన పిల్లలు ద్వితీయాన్ని హాయిగా చూసి నవ్వారని, వారికి పోల్చుకోవడానికి వేరే ఆంజనేయులు లేడని కూడా చెప్పవలసి ఉంది.

ఫిబ్రవరి సమావేశాన్ని గుండు హనుమంతరావు వర్ధంతికి దగ్గరగా జరిపాము. నాటకరంగం నుండి వచ్చి, 1987లో ‘అహ నా పెళ్ళంట’తో సినిమాల్లో అడుగుపెట్టిన ఆయన గురించి ఇద్దరు పెద్దలు మాట్లాడారు. ఏ భాగం వేయాలన్నదానిపై ముందే ఒప్పందం కుదరనందున శీర్షిక గీతాన్ని మాత్రం వేశాము. పాట ఆగాక ఏ భాగమూ వేయమని ఎవరూ అడగలేదు. ఆ రోజు టీలు మాత్రం మిగిలిపోయాయి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. ఉస్మానియా బిస్కట్ల ఖర్చు ప్రొజెక్టరు అద్దెను మించిపోయిందన్న ఆయన వ్యాఖ్యను కార్యవర్గం తీవ్రంగా పరిగణించి, బిస్కట్లను యథాతథంగా కొనసాగించాలని నిర్ణయించింది. హాలుకు ర్యాంపు లేకపోవడం వల్ల ఇద్దరు వృద్ధ సభ్యులను ప్రతి నెలా కుర్చీతో సహా మోయవలసి వస్తోంది. మోస్తున్న యువకులకు కృతజ్ఞతలు, కానీ ర్యాంపు కోసం ఈ ఏడాదైనా నిధులు కేటాయించాలని కోరుతున్నాను.

రాబోయే ఏడాదికి సభ ముందున్న ప్రతిపాదనలు రెండు. ఒకటి, ‘అమృతం ద్వితీయం’ను మధ్యలో లేచి వెళ్ళకుండా మొదటి నుండి చివరి వరకు కలిసి చూడడం. దీన్ని ప్రతిపాదించినవారు గతేడాది తొలి భాగం మధ్యలో లేచి వెళ్ళినవారే. రెండు, 2001 నాటి తొలి భాగం నుండి వరుసగా మళ్ళీ మొదలుపెట్టడం. నెలకు రెండు చొప్పున చూస్తే ఇది పన్నెండేళ్ళు దాటి సాగుతుందని మాస్టారు లెక్క కట్టి ఇచ్చారు. ఆ సంఖ్య విన్నాక కూడా ఈ ప్రతిపాదనను సమర్థిస్తున్న సభ్యుల్లో ఎనభై నిండినవారు ఉన్నారు. అభిప్రాయాన్ని చీటీ మీద రాసి గేటు దగ్గరి పెట్టెలో వేయగలరు. అమృతం ఎవరన్న ప్రశ్నకు చీటీ మీద జవాబులు రాయవద్దని మనవి.

టెంటు హౌసు నుండి తెచ్చిన కుర్చీల్లో నాలుగు తిరిగి ఇవ్వవలసి ఉంది. ఎవరి ఇంట్లో ఉన్నా ఆదివారంలోగా హాలుకు చేర్చవలసిందిగా కోరుతూ,

ఇట్లు,
కార్యదర్శి, సాంస్కృతిక విభాగం
హైదరాబాదు