బావ నీళ్ల లెక్క

విశాఖపట్నం,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ గుండూ,

తిట్టుకో, పడతాను. నీ ఉత్తరం దసరా ముందు వచ్చింది, ఇప్పుడు డిసెంబరు సగమైపోయింది. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఈ సంగతి ఫోన్లో మొదలుపెడితే నువ్వు మధ్యలో నవ్వి నన్ను చెప్పనివ్వవు. పక్కింటి కుర్రాడు సాయంత్రం గోదావరికి హైదరాబాద్ వస్తున్నాడు, వాడి చేతికిస్తాను. మాడుగుల హల్వా పొట్లం కూడా ఇస్తున్నా. బరువు చూసుకుని తీసుకో.

ముందు మామూలు కబుర్లు. అమ్మ మోకాలు కాస్త నయం. ఇంటికి రంగులు వేయించాం. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. భీమిలి స్థలం గురించి అడిగావు, అది పెద్ద కథ, తర్వాత రాస్తా. ఇక అసలు విషయం.

మాంచెస్టర్ బావ బీరు కాస్తున్నాడు.

సారా బట్టీయా అని లేచి కూర్చోకు. అక్కడ 1963 నుంచి ఇంట్లో తాగడానికి ఎవరి బీరు వాళ్లు కాచుకోవచ్చు, లైసెన్సు అక్కర్లేదు. అమ్మకూడదు, అంతే. ఇక్కడ మనం ఆ పని చేస్తే ఎక్సైజు వాళ్లు గిన్నెతో సహా పట్టుకుపోతారు. అందుకని గిన్నె అక్కడ, లెక్క ఇక్కడ ఎంవీపీ కాలనీలో. నేను తాగను కదా, ఋషికొండ ఒట్టు ఇంకా నడుస్తోంది. (నీది ఎన్నాళ్లు నడిచిందో నాకు తెలుసు.)

మొదట్లో బావ డబ్బాల్లో దొరికే మాల్ట్ పాకం తెచ్చి నీళ్లు కలిపి పులియబెట్టేవాడు, బాగానే వచ్చేది. ఈమధ్య పౌరుషం వచ్చింది, గింజల దగ్గర నుంచే మొదలుపెడతానన్నాడు. ఆల్-గ్రెయిన్ అంటారట. బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్ అవుతుంది, అది కొనుక్కోవచ్చు. దాన్ని బరకగా మరపట్టి 66 డిగ్రీల దగ్గర నీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని ఎంజైములే పిండిని చక్కెరగా మారుస్తాయి. ఇది మాష్. ఆ తీపి నీళ్లు దించుకుని, గింజల్ని ఇంకాసిని వేడినీళ్లతో కడిగి, రెండూ కలిపి హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) వేసి గంట మరిగిస్తారు. చల్లార్చి ఈస్టు వేస్తారు. ఇల్లంతా హార్లిక్స్ వాసన అని అక్క ఫిర్యాదు.

ఇంతకీ గొడవేంటంటే, పులియబెట్టే డబ్బాలోకి 20 లీటర్లు కావాలని బావ 25 లీటర్ల నీళ్లు కొలిచి మొదలుపెడతాడు. చివరికి 14 వస్తాయి. లోటు కుళాయి నీళ్లతో నింపేస్తాడు. ఆ బీరు తాగి అక్క ఒక్క మాటందట: "వాసన ఉంది, మనిషి లేడు." ఆ మాట బావకి తగిలింది. ప్రతి వారం నాకు ఫోను. "ఒరేయ్, నువ్వు కెమికల్ చదివావు కదా, ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?"

గుండూ, ఆ ప్రశ్న విన్నాక నాకెవరు గుర్తొచ్చారో చెప్పుకో. కాలేజీలో మన లోపలికి-బయటికి సారు! వచ్చింది సమానం పోయింది ప్లస్ మిగిలింది. నువ్వు లేచి "సార్, నేను మిగిలింది ఖాతా" అనడం, ఆయన నిన్ను నిజంగానే సెప్టెంబరు దాకా మిగల్చడం... సరే, అది వదిలెయ్.

పెళ్లి శుభలేఖ కవరు వెనక రాయడం మొదలుపెట్టాను. కిటుకు ఒక్కటే, ముందు నుంచి కాకుండా వెనక నుంచి రావాలి. పులియబెట్టే డబ్బాలోకి 20. మరిగించిన గిన్నె అడుగున హాప్స్ చెత్త, మడ్డి కలిసి లీటరున్నర వదిలెయ్యాలి, అంటే 21.5. గంట మరిగితే ఎంత ఇగురుతుందో అది కలపాలి. దాని వెనక గింజలు. ఐదు కిలోల మాల్ట్ తాను తాగిన నీళ్లు తిరిగి ఇవ్వదు, కిలోకి సుమారు లీటరు, అంటే ఐదు లీటర్లు పిప్పిలోనే పోయాయి. మాష్ డబ్బా కుళాయికి అందకుండా అడుగున ఇంకో లీటరు. బావ ఇందులో ఇగిరేది ఒక్కటే లెక్కేశాడు, మిగతావి ఏవో చిల్లర ఖర్చులనుకున్నాడు.

ఇగిరేది ఎంత అన్న దగ్గర మా ఇద్దరికీ యుద్ధం. పది శాతం అంటాడు ఆయన, ఎక్కడో చదివాడట. శాతం ఎలా అవుతుంది బావా అంటాను నేను. రెండు రోజులు మాటల్లేవు.

ఇక్కడ అమ్మ వచ్చింది కథలోకి. అమ్మకి నేను చెప్పింది "బావ బార్లీ కాస్తున్నాడు" అని. అబద్ధం కాదు కదా. అల్లుడు ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటున్నాడని అపార్ట్‌మెంట్ అంతా చెప్పుకొచ్చింది. నేను స్పీకర్ పెట్టి ఈ శాతం గొడవ పడుతుంటే చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండా అడిగింది, "ఆ గిన్నె మూతి ఎంత వెడల్పురా?"

మాంచెస్టర్‌లోనూ చప్పుడు లేదు, ఇక్కడా లేదు.

"అనకాపల్లిలో తాతగారి గానుగ దగ్గర బెల్లం పెనం అంత వెడల్పు ఎందుకనుకున్నావు? ఎంత రసం పోశావని చూసి ఇగరదు. పెనం ఎంత పరుచుకుంది, కింద మంట ఎంత ఉంది, అంతే."

ఒరేయ్, నాలుగేళ్ల ఇంజనీరింగు! అదే గిన్నె, అదే మంట అయితే 25 లీటర్లు పోసినా 40 పోసినా గంటకి ఇగిరేది దాదాపు అంతే. శాతం అంటే 25కి రెండున్నర, 40కి నాలుగు అయిపోవాలి, గిన్నె మూతి మారకుండానే! కాబట్టి గంటకి ఇన్ని లీటర్లని ఎవరి గిన్నెకి వాళ్లే కొలుచుకోవాలి.

బావని ఉత్త నీళ్లు మరిగించమన్నాను. అక్క గ్యాసు బిల్లు గురించి ఏదో అంది, వినపడనట్టు ఊరుకున్నాం. 25 లీటర్ల చన్నీళ్లు కొలిచి పోశాడు. గిన్నె వెడల్పు 40 సెంటీమీటర్లు, అంటే ఒక్కో సెంటీమీటరు ఎత్తుకి లీటరుంపావు. వీడియోలో స్టీలు స్కేలు పట్టుకుని గంట తర్వాత కొలిచాడు. 22.4 ఉన్నాయి. "చూశావా, రెండున్నర పైచిలుకు! పది శాతమే!" అని గంతులు. గరిటె ఊపుతున్నాడు రా, మా పెళ్లిలో బ్యాండు ముందు ఊపినట్టే, నువ్వే కదా వీడియో తీసింది.

నేను ఏమీ అనలేదు. "మూత పెట్టి చల్లారనివ్వండి బావా, పొద్దున్న మళ్లీ కొలవండి" అన్నాను, అంతే.

పొద్దున్న 21.5.

మరిగే నీళ్లు చన్నీళ్ల కంటే నాలుగు శాతం ఉబ్బి ఉంటాయి. చల్లగా పోసి వేడిగా కొలిస్తే దాదాపు లీటరు దాక్కుంటుంది. నిజంగా ఇగిరింది మూడున్నర. బావకి దొరికిన పది శాతం అలా వచ్చిందన్నమాట. అప్పుడు నాకు ఇంకోటి తట్టింది, లెక్కంతా చన్నీళ్లలోనే వేస్తే ఆ నాలుగు శాతం గోలే ఉండదు. గిన్నెలో వేడిగా గీత చూసేటప్పుడు మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

ఇక చూడు ఎంత ముచ్చటగా కుదిరిందో. 21.5కి మూడున్నర కలిపితే మరిగించే గిన్నెలోకి 25 కావాలి. (వేడి మీద గీత 26 చూపిస్తుంది.) పిప్పి ఐదు, అడుగు ఒకటి, మొత్తం 31. బావ 25 అనుకున్నది తప్పు అంకె కాదు రా, గిన్నెలో ఉండాల్సిన అంకెని కుళాయి దగ్గర కొలిచాడు! 25లో ఆరు తీసెయ్, మూడున్నర తీసెయ్, ఒకటిన్నర తీసెయ్. పద్నాలుగు. ఆయనకి ప్రతిసారీ వచ్చిన పద్నాలుగు. ఈ తీసివేత చదివి వినిపిస్తుంటే అవతల బావ "ఆఁ... ఆఁ..." అంటూ ఒక్కో మెట్టూ దిగుతున్నాడు.

31ని ఎలా పంచాలంటే, కిలోకి మూడు లీటర్ల చొప్పున మాష్‌కి 15. అందులోంచి బయటికి వచ్చేది తొమ్మిదే. కడగడానికి 16. తొమ్మిదీ పదహారూ పాతిక. కడిగే నీళ్లు 77 డిగ్రీలు దాటకుండా చూసుకోమన్నాను, మరీ వేడైతే పొట్టులోంచి వగరు దిగుతుంది. ఐదు కిలోల గింజలు మూడు లీటర్లకి పైగా జాగా తింటాయి కాబట్టి 15 పోసినా డబ్బాలో 18 దాటి నిండుతుంది, అది కూడా చూసుకున్నాం.

వేడి సంగతి ఇంకా తమాషా. గింజలు నీళ్లని చల్లారుస్తాయి కదా. మన ఊళ్లో 30 డిగ్రీల గింజలైతే 71 దగ్గర నీళ్లు పోస్తే 66కి కుదురుతుంది. ఆయన గింజలు ఉండేది గ్యారేజీలో, ఎనిమిది డిగ్రీల చలిలో. 74 కావాలి. మూడు డిగ్రీలేగా అనుకోకు, బావ ఒకసారి ఆ మూడు డిగ్రీల కోసం మాష్‌లో దుప్పటి...

అది నోటితోనే చెప్పాలి, కాగితం మీద బాగుండదు.

మొన్న ఆదివారం కాచాడు. ఇక్కడ రాత్రి దాకా వీడియో పెట్టుకుని కూర్చున్నాను, అమ్మ "బార్లీకి ఇంత సేపా" అని రెండుసార్లు వచ్చి చూసి పోయింది. తొమ్మిది దిగాయి. పదహారు పోశాడు. వేడి మీద గీత 26 దగ్గర ఆగగానే బావ నన్నేదో అన్నాడు, మెచ్చుకోలే అనుకో, అక్క "పిల్లలున్నారు" అని అరిచింది. గంట మరిగి, చల్లారి, మడ్డి వదిలేసి డబ్బాలోకి దించితే 20 గీత దాటి వేలెడు పైకి వచ్చింది. కుళాయి ముట్టుకోలేదు!

ఆ వేలెడు ఎక్కడిదో ఇంకా అర్థం కాలేదు నాకు. పిప్పిని ఎక్కువసేపు ఓడనిచ్చాడా? అయితే కిలోకి లీటరు కంటే తక్కువే పట్టుకుని ఉండాలి. లేకపోతే ఆ రోజు మంట తగ్గిందా? పిప్పిని తూచమన్నాను, అక్క అప్పటికే తోటలో పారబోసింది. ఈసారి తడి పిప్పి బరువు, పొడి గింజల బరువు రెండూ తెలిస్తే... నువ్వైతే ఏమంటావు? నాకు పిప్పి మీదే అనుమానం, ఎందుకంటే మరిగించే ముందే గీత కాస్త

వాడొచ్చేశాడు రా, ఆటో కింద హారన్ కొడుతోంది. హల్వా పొట్లం మీద తాడు ముడి చూసి తీసుకో. జవాబు రాయి, పిప్పి గురించి ముఖ్యంగా.

నీ,
బ్యూరెట్