భాషలు నేర్పుతున్నాం, పద్ధతులు వదిలేస్తున్నాం

సంపాదకులకు నమస్కారం.

మన ఇంజనీరింగ్ కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు సీ, జావా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలను ఒకదాని వెంట ఒకటి చదువుతున్నారు గానీ, వాటి వెనుక వేర్వేరు ఆలోచనా పద్ధతులు, అంటే ప్రోగ్రామింగ్ పారడైమ్‌లు ఉన్నాయన్న సంగతి చివరి ఏడాదికి వచ్చినా చాలామందికి పట్టుబడడం లేదు. డేటానూ దానిపై చేసే పనులనూ ఆబ్జెక్టులుగా కలిపి రాసే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి లక్షణాలను ఇంటర్వ్యూ కోసం బట్టీపట్టి గడగడా అప్పజెప్పేవారు కూడా, అదే పనిని ఆబ్జెక్టులు లేకుండా చేయమంటే నీళ్లు నమలడం అధ్యాపకుడిగా నేను చూస్తూనే ఉన్నాను.

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివివచ్చిన విద్యార్థికి 'ఎక్స్ = ఎక్స్ + 1' అన్నది సాధన లేని సమీకరణం. సీలో మాత్రం అది ఎక్స్ అనే పేరున్న మెమరీ స్థానంలోని విలువను ఒకటి పెంచమనే ఆదేశం. ఇలా వరుస ఆదేశాలతో విలువలను మారుస్తూ పోయేది ఇంపరేటివ్ పద్ధతి. లెక్కను ఆదేశాలుగా కాక గణిత ప్రమేయాలుగా (ఫంక్షన్లుగా) రాసే ఫంక్షనల్ భాష అయిన హాస్కెల్‌లో ఒకసారి నిర్వచించిన విలువ మారదు కనుక, ఆ వాక్యమే అక్కడ రాస్తే ఎక్స్‌ను ఎక్స్‌తోనే నిర్వచించినట్టయి, దాని విలువ అడిగితే లెక్క ఎన్నటికీ తేలదు. ఏ విలువ ఎక్కడ మారిపోయిందో వెతుక్కునే అవస్థ ఎందుకు వస్తుందో, ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనులు, అంటే థ్రెడ్లు, ఒకే విలువను మార్చబోతే ఫలితం ఎందుకు తారుమారవుతుందో ఈ ఒక్క తేడాతోనే వివరించవచ్చు. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్‌ను ఐబీఎంలో రూపొందించిన బృందానికి సారథి అయిన జాన్ బ్యాకసే, కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డును 1977లో అందుకుంటూ చేసిన ప్రసంగంలో తన భాష నడిచిన ఇంపరేటివ్ బాటనే విమర్శించి ఫంక్షనల్ పద్ధతిని ప్రతిపాదించారన్నది మన తరగతుల్లో అరుదుగా వినిపించే మాట.

లాజిక్ ప్రోగ్రామింగ్‌కు మన చుట్టరికాలను మించిన ఉదాహరణ లేదు. ఎవరు ఎవరికి తల్లో, ఎవరు ఎవరికి సోదరుడో వాస్తవాలుగా రాసి, తల్లి సోదరుడు మేనమామ అనే ఒక్క నియమం చేరిస్తే, ఫలానా అమ్మాయి మేనమామ ఎవరన్న ప్రశ్నకూ, ఫలానా వ్యక్తి ఎవరెవరికి మేనమామ అన్న ప్రశ్నకూ ప్రోలాగ్ అనే లాజిక్ భాష ఆ నియమంతోనే జవాబిస్తుంది. ఎలా వెతకాలో మనం చెప్పనక్కరలేదు. డీబీఎంఎస్ (డేటాబేస్ నిర్వహణ) ల్యాబ్‌లో డేటాబేస్‌ను ప్రశ్నించడానికి రాసే ఎస్‌క్యూఎల్ భాష కూడా ఏం కావాలో మాత్రమే చెప్పే డిక్లరేటివ్ కోవకే చెందుతుంది. ఆ ముక్క చెప్పేవారే తక్కువ.

కంపెనీలు హాస్కెల్, ప్రోలాగ్ అడగవు కదా అని కొందరు అభ్యంతరం చెబుతారు. నిజమే గానీ, వారు అడిగే జావాలోనే 2014లో ఫంక్షనల్ పద్ధతి నుంచి తెచ్చుకున్న ల్యాంబ్డాలు, అంటే పేరు లేని చిన్న ఫంక్షన్లు, చేరాయి.

కాబట్టి సిలబస్ రూపొందించే విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఒకటే. రెండో ఏడాదిలోనే ఒక చిన్న సమస్యను, ఉదాహరణకు ఉత్తీర్ణులైనవారి మార్కుల సగటును, సీ, జావా, హాస్కెల్, ప్రోలాగ్‌లలో వేర్వేరుగా రాయించే ల్యాబ్‌ను తప్పనిసరి చేయాలి. వీటికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఇప్పుడున్న ల్యాబ్ కంప్యూటర్లే చాలు. పరీక్షలో కూడా పారడైమ్‌ల మధ్య భేదాలు రాయమనే పాత ప్రశ్నకు బదులు, ఒక పద్ధతిలో ఉన్న ప్రోగ్రామ్ ఇచ్చి మరో పద్ధతిలోకి మార్చమని అడగాలి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు,
గుంటూరు.